పగడాల ఆక్వేరియంలో లైట్లు రోజుకు ఎన్ని గంటలు వెలగాలి?

మీరు రెండు విషయాలు అడిగారు: పగడాలు పెంచే ఆక్వేరియంలో లైట్లు రోజుకు ఎన్ని గంటలు వేయాలి, గంటలు పెంచితే పగడాలు త్వరగా పెరుగుతాయా అని. మొత్తం మీద సుమారు 10 గంటలు, అందులో పూర్తి తీవ్రతతో 6 నుంచి 8 గంటలు చాలునని నా అనుభవం. గంటలు పెంచినంత మాత్రాన ఎదుగుదల పెరగదు. ఈ సంగతి నాకు కొన్ని పగడాలు చనిపోయాక గాని తెలియలేదు.

మొదటి ఏడాది నేను లైట్లను రోజుకు 14 గంటలు వెలిగించేవాణ్ణి. పగడాల కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయని, అవి కిరణజన్య సంయోగక్రియతో తయారుచేసే ఆహారమే చాలా పగడాలకు ప్రధాన ఆధారమని చదివి, వెలుతురు ఎంత ఎక్కువైతే అంత మేలని నమ్మాను. కొన్ని వారాల్లోనే ఎక్రోపోరా అనే కొమ్మల పగడం పాలిపోయింది, హామర్ కోరల్ అనే మరో పగడం పగలంతా ముడుచుకునే ఉండసాగింది, అద్దాల మీద నాచు రెండు రోజులకొకసారి గీకవలసి వచ్చింది. లవణీయత, ఆల్కలినిటీ (నీటి ఆమ్లత మారకుండా ఆపే గుణం), నైట్రేట్ పదేపదే పరీక్షించినా తేడా కనబడకపోవడంతో చివరికి లైటు గంటలు తగ్గించాను. హామర్ కోరల్ మూడు వారాల్లో మళ్ళీ విచ్చుకుంది గాని, ఎక్రోపోరా రెండు కొమ్మలు దక్కలేదు. ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దీనికి కారణం ఇది. ఒక హద్దు వరకే శైవలాలు కాంతిని వాడుకోగలవు. ఆ హద్దు దాటి పడిన కాంతి ఆహారంగా మారకపోగా, హాని చేసే చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టడానికి దారితీస్తుంది, ఆ ఒత్తిడి మితిమీరితే పగడం తన శైవలాలనే బయటకు నెట్టివేసి తెల్లబడుతుంది. ఉష్ణమండల సముద్రంలో పగలు దాదాపు 12 గంటలున్నా, ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలుగా ఉండడం వల్ల నీటిలోకి దిగే కాంతి తక్కువే, తీవ్రమైన వెలుగు నడిమధ్యాహ్నానికి అటూ ఇటూ కొన్ని గంటలే ఉంటుంది.

గంటలను, తీవ్రతను విడివిడిగా చూడాలి. చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్స్ (కాంతి కణాల లెక్కకు వాడే ప్రమాణం) కాంతి 7 గంటలు పడినా, 100 మైక్రోమోల్స్ 14 గంటలు పడినా రోజు మొత్తం లెక్క 5.04 మోల్స్ దగ్గరే తేలుతుంది, కానీ పగడానికి ఆ రెండూ ఒకటి కావు. తక్కువ కాంతిలో శైవలాలు తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం శ్వాసక్రియకే ఖర్చవుతుంది కనుక, బలహీనమైన లైటు లోటును గంటలతో పూడ్చలేము. సాధారణంగా మెత్తని పగడాలకు 50 నుంచి 150 మైక్రోమోల్స్, హామర్ వంటి పెద్ద పాలిప్‌ల (పగడంలో నోరు, స్పర్శకాలు ఉండే ఒక్కో జీవి) జాతులకు 100 నుంచి 200, ఎక్రోపోరా వంటి చిన్న పాలిప్‌ల జాతులకు 200 నుంచి 350 వరకు సరిపోతుంది. పార్ మీటరు (శైవలాలు వాడుకోగల కాంతిని కొలిచే పరికరం) కొనకపోయినా, ఒక్క రోజుకైనా ఎవరి దగ్గరైనా తీసుకుని కొలవడం ఎంతో ఉపయోగం. కంటి అంచనా నీలి కాంతి విషయంలో బాగా తప్పుతుంది.

ఇప్పుడు నా టైమరు ఉదయం 10 గంటలకు నీలి లైట్లతో మొదలై, రెండు గంటల్లో పూర్తి తీవ్రతకు చేరి, 6 గంటలు అక్కడే నిలిచి, మరో రెండు గంటల్లో తగ్గి, రాత్రి 8కి ఆరిపోతుంది. ఆ తరువాత నిజమైన చీకటి ఉండాలి. చాలా పగడాలు రాత్రిపూట స్పర్శకాలు చాచి ఆహారం పట్టుకుంటాయి కాబట్టి, అందం కోసం తెల్లవార్లూ నీలి లైటు వదిలే అలవాటును నేను సమర్థించను.

కొత్తగా తెచ్చిన పగడాన్ని ట్యాంకు అడుగున, నీడ ఉన్న చోట పెట్టండి, లేదా లైటు తీవ్రతను సగానికి తగ్గించి మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా పెంచండి. గంటలు మార్చవలసి వస్తే వారానికి అరగంటకు మించవద్దు. పాలిపోతుంటే ముందు కాంతి ఎక్కువైందేమో చూడండి, ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంటే కాంతి చాలడం లేదేమో చూడండి. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ స్థాయిలు కూడా రంగును మారుస్తాయి గనుక, లైటును తాకే ముందు వాటిని కూడా పరీక్షించుకోండి.