సంఘ పెద్దగా నిలబడబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ప్రభువు నామంలో దీవించి రాస్తున్న ఉత్తరం. సంఘం నిన్ను పెద్దగా ఎన్నుకుందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. తగ్గింపుతో ఎలా నడుచుకోవాలో రాయమన్నావట. ముప్పై ఏళ్లు ఆ బాధ్యత మోసినవాడిగా రాస్తున్నాను. కొన్ని మాటలు నీకు కష్టంగా ఉండవచ్చు, ఓర్చుకో.

మెల్లగా మాట్లాడి, చేతులు కట్టుకుని వెనక వరుసలో కూర్చుంటే అదే తగ్గింపు అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఒక ఏడు సార్వా బాగా పండితే మందిరానికి రెండు ఫ్యాన్లు ఇచ్చాను. రెక్కల మీద నా పేరు రాయిస్తామన్నారు. వద్దన్నాను గాని, గట్టిగా అనలేదు. ఆ తరువాత ప్రసంగం మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే చాలు, నా కళ్లు పైకి వెళ్లి ఆ అక్షరాలు చదువుకునేవి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వవద్దని ప్రభువు ఎందుకన్నాడో అలా తెలిసింది. మత్తయి ఆరో అధ్యాయంలో ధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటికీ ఆయన పెట్టిన షరతు ఒక్కటే: రహస్యంగా చెయ్యి. ఒక శనివారం ఎవరూ లేని వేళ నిచ్చెన వేసుకుని ఆ పేరు మీద తెల్లరంగు పూశాను. ఇన్నేళ్లకు ఇప్పుడు నీకే చెబుతున్నాను, అదీ నీకు పనికొస్తుందని.

కాబట్టి ఎవరి కంటా పడని పని ఒకటి పట్టుకో. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) గిన్నెలు కడగడమో, మరుగుదొడ్డి శుభ్రం చేయడమో, దిక్కులేని రోగి పక్కన ఆసుపత్రిలో ఒక రాత్రి కూర్చోవడమో. సాక్ష్యం చెప్పేటప్పుడు దాని ఊసెత్తకు. చిన్నపని అని సిగ్గుపడకు. 1836లో మన దేశానికి వచ్చి నర్సాపురం, పాలకొల్లు వైపు సువార్త చెప్పిన మిషనరీలు బౌడెన్, బీర్ ఇద్దరూ చేతిపనివారే. ఒకరు రాతిపని చేసేవారు, మరొకరు చెప్పులు కుట్టేవారు.

యోహాను పదమూడో అధ్యాయం నిదానంగా చదువు. ఊడ్పుల నుంచి వచ్చినవారి కాళ్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగినప్పుడు యూదా ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. అప్పగించేవాడెవడో ఆయనకు ముందే తెలుసు. అయినా ఆ పాదాలు కూడా కడిగాడు. మనకు వందనం చెప్పేవారికి సేవ చేయడం ఎవరికైనా చేతనవుతుంది.

ఇక అసలు సంగతి. నీ రొయ్యల చెరువు ఊట పక్క చేలోకి దిగుతోందని, రెండు పంటలుగా అక్కడ నాటిన నాటు నాటినట్టే ఎర్రబడి చచ్చిపోతోందని విన్నాను. ఆ రైతు మన సంఘస్థుడే. నీతో తగవు పడలేదు, ప్రభువు బల్లకు రావడం మాత్రం మానేశాడు. నువ్వు రొయ్యల రాబడిలో దశమభాగం తప్పకుండా ఇస్తున్నావని అందరూ మెచ్చుకుంటున్నారు. లూకా సువార్తలో ప్రభువు చెప్పిన కథలోని పరిసయ్యుడు, అంటే నియమాలు తప్పని ఆచారపరుడు, కూడా పదో వంతు ఇచ్చినవాడే, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నవాడే. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్లినవాడు అతని పక్కన తన పాపం ఒప్పుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు.

మత్తయి 5:23 తెరిచి చూడు. నీకు సహోదరుడి మీద కోపం ఉంటే అనలేదు ప్రభువు. అతనికి నీ మీద ఏమైనా ఉందని గుర్తొస్తే కానుకను అక్కడే విడిచి వెళ్లమన్నాడు. తప్పెంత, ఎవరిదెంత అని తేల్చుకుని వెళ్లమనలేదు. ఈ మాట నన్ను ఎన్నో రాత్రులు నిద్రపోనివ్వలేదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

వెళ్లి క్షమాపణ అడుగు. చెరువు చుట్టూ ఊట కాలువ తవ్విస్తానని చెప్పు, చెప్పిన వారంలోనే తవ్వించు. రెండు పంటల నష్టం ఆయన ఎంత చెబితే అంత ఇవ్వు, బేరమాడకు. ప్రభువును కలుసుకున్న పన్నుల అధికారి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. పాస్టరు గారిని వెంట తీసుకెళ్లవద్దు, ఆయన ఉంటే ఆ రైతు మొహమాటానికి సరేనంటాడు. రైతు కోప్పడితే ఆ మాటలన్నీ పూర్తిగా విను.

నిన్ను నిలబెట్టేది వచ్చే ఆదివారం కదా. ఈలోగానే వెళ్లు. ఆ రైతు తెల్లవారుజామున పాలు పోసి వచ్చి, ఎండెక్కేదాకా చేను గట్టు మీదే ఉంటాడు.

ప్రేమతో,
మీ పెదనాన్న