మ్యూనిక్ శివార్లలో అపార్ట్‌మెంట్ హోటల్: బుక్ చేసే ముందు అడగవలసినవి

మ్యూనిక్‌కు ఉద్యోగానికో చదువుకో వస్తున్నవారు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: సొంత ఇల్లు దొరికేవరకు ఊరి బయట చవకగా ఉండే అపార్ట్‌మెంట్ హోటల్లో దిగవచ్చా? నిస్సందేహంగా దిగవచ్చు. ఇంటిని కళ్లతో చూడకుండా ఇండియా నుంచే అడ్వాన్స్ పంపి మోసపోవడం కన్నా ఇది ఎంతో మేలు. అయితే గది ఫొటోల కన్నా ముందు ఒక కాగితం సంగతి తేల్చుకోవాలి.

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. దీన్నే ఇక్కడ అందరూ అన్‌మెల్డుంగ్ అంటారు. ఇందుకు ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం 2015 నవంబరు నుంచి తప్పనిసరి. హోటళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. దేశంలో ఇంకెక్కడా నమోదు కానివారు మూడు నెలల వరకు హోటల్లో నమోదు లేకుండానే ఉండవచ్చు. అందువల్ల చాలా అపార్ట్‌మెంట్ హోటళ్లు ఈ పత్రం ఇవ్వవు. చట్టం ఒప్పుకున్నా నష్టపోయేది మీరే, ఎందుకంటే నమోదు అయితే గాని పన్ను సంఖ్య రాదు, అది ఆలస్యమైతే జీతంలో పన్ను అత్యధికంగా పడే ఆరో తరగతి కింద కోత పడవచ్చు. కాబట్టి నెల రోజులు ఉంటే పత్రం ఇస్తారా అని ఈమెయిల్లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పోస్టు డబ్బాపై మీ పేరు అతికిస్తారా అని కూడా అందులోనే అడగండి. ఇక్కడి చిరునామాల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద ఉన్న పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే పన్ను సంఖ్య, బ్యాంకు కార్డు వెనక్కి వెళ్లిపోతాయి.

ఇక దూరం. కిలోమీటర్లు చూడకండి, రైలు చూడండి. ఉత్తర శివారు ఊళ్లయిన గార్షింగ్‌కు యూ6 మెట్రో, ఉంటర్‌ష్లైస్‌హైమ్‌కు ఎస్1 లోకల్ రైలు నేరుగా వెళ్తాయి. సాంకేతిక విశ్వవిద్యాలయపు పెద్ద క్యాంపస్ గార్షింగ్‌లోనే ఉంది కనుక అక్కడ చదివేవారికి ఊరి మధ్యలో గది కన్నా అదే నయం. స్టేషను నుంచి మళ్లీ బస్సెక్కవలసిన చోట అద్దె తక్కువగా కనిపించినా, రాత్రుళ్లు, ఆదివారాలు బస్సులు పలచబడతాయి. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. అది విమానాశ్రయం దాకా చెల్లుతుంది. ఎస్1లో విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు వెనుక పెట్టెల్లో ఎక్కండి. నొయ్‌ఫార్న్ స్టేషనులో ఆ రైలు రెండుగా విడిపోతుంది, ముందు భాగం ఫ్రైజింగ్ అనే వేరే ఊరికి పోతుంది.

శీతాకాల సెమిస్టరు అక్టోబరు 1న మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే మ్యూనిక్ బీరు ఉత్సవం అక్టోబర్‌ఫెస్ట్ కూడా జరుగుతుంటుంది. సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మొదటి వారం వరకు శివార్లలోనూ గదుల ధరలు మండిపోతాయి కాబట్టి వీసా చేతికి వచ్చేవరకు ఆగకుండా, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని వేసవిలోనే పట్టుకోండి.

వంటగది అంటే సాధారణంగా రెండు ఎలక్ట్రిక్ ప్లేట్లు, చిన్న ఫ్రిజ్, ఒక గిన్నె, ఒక పెనం. కుక్కర్ ఉండదు, ఇండక్షన్ మీద కూడా పనిచేసే చిన్న స్టీలు కుక్కరు తెచ్చుకుంటే అన్నం, పప్పు గడిచిపోతాయి. తాలింపు మాత్రం కిటికీ తెరిచి, సన్నటి సెగ మీద పెట్టండి. మిరపకాయల పొగకు స్మోక్ అలారం మోగి ఫైర్ ఇంజన్ వచ్చిందంటే ఆ ఖర్చు మీ మీద పడవచ్చు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో రాత్రి 8కే మూస్తారు. ఆదివారం దిగేవారు విమానాశ్రయంలోని సూపర్‌మార్కెట్‌లోనే పాలు, బియ్యం కొనుక్కుని రైలెక్కడం మంచిది.

చవక హోటళ్లలో రిసెప్షన్ సాయంత్రానికే మూసేస్తారు. మీ విమానం రాత్రి దిగేదైతే తాళంచెవి పెట్టె కోడ్ ముందుగానే తెప్పించుకుని, ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసుకోండి. నెల అద్దెకు మాట్లాడుకునేటప్పుడు, మధ్యలో ఇల్లు దొరికితే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, మిగిలిన రోజుల డబ్బు, డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తారో, చివరి శుభ్రతకు వేరుగా ఎంత తీసుకుంటారో అడిగి రాయించుకోండి.