నూరిన అంచు ఒక్కతీరుగా రావాలంటే

ప్రశ్న: చెన్నై పెరంబూరు నుంచి రాస్తున్నాను. మా తాతగారు గడ్డం గీసుకున్న మడత మంగలికత్తి నాకు దక్కింది. ఇంట్లో కూరగాయల కత్తులకు నాలుగేళ్లుగా వాడుతున్న 1000 నంబరు నీటి సానరాయి మీద దాన్ని నూరాను. నూరిన చార, అంటే అంచు వెంట రాయి అరగదీసిన పట్టీ, పిడి వైపు వెడల్పుగా, కొన వైపు సన్నగా వచ్చింది. అంచు నడిమి భాగమేమో వెంట్రుకను తెంచకుండా లాగుతోంది. ఎంత నూరినా సరికావడం లేదు. లోపం కత్తిలో ఉన్నదా, నా చేతిలో ఉన్నదా?

జవాబు: ముందుగా అనుమానించవలసింది మీ రాయిని. నాలుగేళ్లు వంటింటి కత్తులను నూరిన రాయి నడుమ గుంటపడకుండా ఉండదు. అటువంటి రాయి మీద తిన్నని అంచు గల కత్తిని అడ్డంగా ఆనిస్తే రెండు చివరలు రాయి గట్ల మీద నిలుస్తాయి, నడిమి భాగం రాయికి తగలకుండా ఉండిపోతుంది. కూరగాయల కత్తికి ఈ గుంట పెద్ద అడ్డంకి కాదు. మంగలికత్తి సంగతి వేరు, ఎందుకంటే దాని వెన్ను, అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనుకొని కదలాలి, నూరే కోణాన్ని నిర్ణయించేది ఆ వెన్ను మందమే. కత్తి వెడల్పు 16 మిల్లీమీటర్లు, వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు ఉంటే ఆ కోణం సుమారు 16 డిగ్రీలు అవుతుంది. రాయి చదునుగా లేకపోతే ఈ లెక్క అంచు పొడవునా ఒకేలా నిలవదు.

అందువల్ల కత్తిని పక్కన పెట్టి రాయిని చదును చేయండి. మందపాటి అద్దం పలక మీద 220 నుంచి 400 నంబరు లోపు నీటి ఉప్పుకాగితం పరిచి తడపండి, రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, బోర్లించి రుద్దండి. మొదట అంచుల దగ్గరి గీతలు పోతాయి, నడుమ గీతలు అలాగే నిలిచి ఉంటాయి. మీ రాయి గుంట ఎంతో అప్పుడు కళ్లారా చూస్తారు. చివరి గీత కూడా చెరిగిపోయేదాకా ఆపకండి.

పిడి వైపు చార వెడల్పు కావడానికి కారణం చాలావరకు చెయ్యే. పట్టుకున్న చోటే బరువు పడుతుంది కనుక అక్కడ ఉక్కు ఎక్కువ అరుగుతుంది. కత్తి మెడను, అంటే పిడికీ పదునుండే రేకుకూ మధ్యనున్న భాగాన్ని, బొటనవేలు, చూపుడువేలు మధ్య తేలికగా పట్టి, కత్తి తన బరువుతోనే జారేలా నడపండి. అంచు ముందుండగా తోస్తూ, పిడి వైపు నుంచి కొన దాకా ఏటవాలుగా లాగితే, రాయి వెడల్పు కంటే పొడవైన కత్తికి కూడా ప్రతి భాగం సమంగా తగులుతుంది. మలుపు దగ్గర వెన్ను మీదుగా తిప్పాలి గాని, అంచు మీదుగా తిప్పకూడదు.

అంచు వెంట మార్కరు సిరా పూసి నాలుగైదు సార్లు నూరి చూడండి: సిరా ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలలేదు. రాయి మీది నీరు కూడా ఇదే చెబుతుంది. అంచు సరిగా ఆనినప్పుడు దాని ముందు నీరు సన్నని కట్టలా, పొడవునా ఒకే ఎత్తున, రేకు మీదికి ఎక్కుతుంది. ఎక్కడైనా నీరు అంచు కిందికి జారిపోతే ఆ చోట ఖాళీ ఉన్నట్టు. నాకు సిరా కంటే ఈ నీటి మీదే నమ్మకం ఎక్కువ.

చార వెడల్పు అంతటా సమానంగా లేకపోయినా దిగులుపడకండి. పాత కత్తులలో వెన్ను మందం అన్ని చోట్లా ఒకేలా ఉండదు, అది చూపుకు లోపమే గాని గడ్డానికి లోపం కాదు. సన్నని భాగాన్ని వెడల్పు చేయాలని అదే పనిగా నూరితే తాతగారి కత్తి ఉక్కు వృథాగా అరిగిపోతుంది. రెండు ముఖాలూ అంచు వద్ద పొడవునా కలిశాయా అన్నదే చూడవలసింది. 1000 రాయి మీద అది సాధించకుండా ఇంకా నున్నని 4000, 8000 నంబరు రాళ్లకు వెళ్లడం వ్యర్థం. ఆ తరువాత తోలుపట్టీ మీద వెన్ను ముందుగా లాగండి. సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది కనుక తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాయండి.

చదునైన రాయి మీద కూడా ఒక ముఖానికి నడుమ, రెండవ ముఖానికి చివరల సిరా మిగిలితే రేకు కొద్దిగా వంగి ఉన్నట్టు. అలా ఉంటే రెండు ముఖాల చారలనూ కాగితం మీద గీసి పంపండి, ఆ వంపునకు తగిన నూరుడు వివరిస్తాను.