గేమ్ సంగతి తర్వాత, ముందు ఆ తలనొప్పి చూపించుకోండి

డాక్టర్ సలహా

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 26 ఏళ్లు. మాది మిర్యాలగూడ. మొదటి కాన్పు, ఇప్పుడు ఏడో నెల, 29 వారాలు. మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోతారు. కాలేజీ రోజుల నుంచి మేమిద్దరం, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడతాం. ఇప్పటికీ రోజూ రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా ఆడుతున్నాను. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో ఆయనతో గడిపే టైమ్ అదే. మా అత్తమ్మ మాత్రం ‘పొద్దాక గా తుపాకుల సప్పుడేంది బిడ్డా, కడుపుల పిల్ల జడుసుకుంటది’ అంటారు. రేడియేషన్ వల్ల బిడ్డకు లోపాలు వస్తాయని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా? నొప్పులు మొదలయ్యాక కాస్త ఆడుకుంటే నొప్పి తెలియదని ఎక్కడో చదివాను. కాన్పయ్యాక ఎన్నాళ్లకు ఆడొచ్చు? తొమ్మిదో నెలలో దేవరకొండలో మా అమ్మవాళ్లింటికి వెళ్తాను, కాన్పు నల్లగొండలో. వారం నుంచి తలనొప్పిగా ఉంటోంది, ఫోన్ ఎక్కువ చూడటం వల్లే అనుకుంటున్నాను.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. నాకు మాత్రం మీరు అడగకుండా చివరి వాక్యంలో రాసేసిన తలనొప్పి దగ్గరే మనసు ఆగిపోయింది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

20 వారాలు దాటిన గర్భిణికి కొత్తగా తలనొప్పి వచ్చి తగ్గకుండా ఉంటే ముందు చూడాల్సింది బీపీ. ఫోన్ వల్ల కూడా తలనొప్పి రావచ్చు, కాదనను. కానీ బీపీ చూడకుండా ఆ నెపం ఫోన్ మీద వేయకూడదు. 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే, దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటాం. అది తల్లికి ఫిట్స్ దాకా తీసుకెళ్లగలదు, బిడ్డ ఎదుగుదలను ఆపగలదు. తలనొప్పితో పాటు కళ్లు మసకబారడం, కళ్ల ముందు మెరుపుల్లా కనిపించడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. అవేవీ లేకపోయినా రేపు పొద్దున్నే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, ఏఎన్‌ఎం దగ్గర గానీ బీపీ చూపించుకుని మీ కార్డులో రాయించుకోండి. ఇలాగే రాత్రిళ్లు ఫోన్ చూసి తలనొప్పి వస్తోందని పది రోజులు బామ్ రాసుకుంటూ గడిపి, చివరికి కళ్లు మసకబారాక వచ్చిన ఒకామెను నేను చూశాను. తల్లీబిడ్డా బయటపడ్డారు. కానీ ఆ పది రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. బీపీ మామూలుగా ఉంటే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మన దగ్గర సగం మందికి పైగా గర్భిణులకు రక్తం తక్కువే. 11 కంటే తక్కువ ఉంటే తలనొప్పికి, నీరసానికి అదీ ఒక కారణం కావచ్చు. ఐరన్ మాత్రలు మానేయకుండా వేసుకుంటున్నారనుకుంటాను.

ఇక మీ అత్తమ్మ భయం గురించి. కడుపులోని బిడ్డకు చప్పుళ్లు వినపడతాయన్నది నిజమే. ఆరో నెల దాటేసరికి బిడ్డ శబ్దానికి కదలడం కూడా స్కానింగ్‌లో కనిపిస్తుంది. కానీ ఉమ్మనీరు, గర్భసంచి, మీ పొట్ట గోడ దాటి లోపలికి చేరేసరికి బయటి చప్పుడు చాలా మెత్తబడిపోతుంది. బిడ్డకు అన్నిటికంటే బాగా వినపడేది మీ గుండె చప్పుడు, మీ పేగుల చప్పుడు, మీ గొంతు. మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఆ తుపాకుల మోత బిడ్డ దాకా వెళ్లదు. పొట్ట మీద మాత్రం హెడ్‌ఫోన్స్, స్పీకర్లు పెట్టకండి. నిజంగా జాగ్రత్త పడాల్సింది బరాత్‌లో, నిమజ్జనంలో ఛాతీ అదిరిపోయేలా మోగే డీజే బాక్సుల దగ్గర. అక్కడ నిలబడకండి. మ్యాచ్ చివర్లో మీ గుండె దడదడలాడటం గురించి కూడా భయం వద్దు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి కాసేపు గుండె వేగం పెరిగితే బిడ్డకు ఏమీ కాదు. మెట్లెక్కినా పెరుగుతుంది కదా. అయితే మీకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, మెరుపుల్లా వెలిగి ఆరే బొమ్మలున్న గేమ్స్ పూర్తిగా మానేయాలి.

రేడియేషన్ మాట కూడా ఇంతే. ఎక్స్‌రే, సీటీ స్కాన్ కిరణాలు వేరు, ఫోన్ నుంచి వచ్చే తరంగాలు వేరు. ఫోన్ తరంగాలకు కణాల్లోని డీఎన్‌ఏను తెంచేంత శక్తి లేదు. ఫోన్ వాడటం వల్ల బిడ్డకు అవయవ లోపాలు వస్తాయని రుజువు కాలేదు. గ్రహణం పూట గర్భిణిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టడం లాంటిదే ఈ భయమూ. వాళ్లు ప్రేమతోనే చెబుతారు, బిడ్డకు మాత్రం దాంతో పని లేదు.

అలా అని మీ పది నుంచి ఒంటిగంట ఆటకు నేను సరే అంటున్నానని అనుకోవద్దు. నాకు అభ్యంతరం గేమ్ మీద కాదు, ఆ వేళ మీద. దానికి కారణం ఉంది. కడుపులో బిడ్డ ఎక్కువగా కదిలేది సాయంత్రం నుంచి అర్ధరాత్రి లోపే. పగలంతా మీరు నడుస్తుంటే ఆ ఊపుకి నిద్రపోయిన బిడ్డ, మీరు నడుం వాల్చాక లేచి కాళ్లు చేతులు ఆడిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే మీ చెవులు, కళ్లు, మనసు అన్నీ గేమ్‌లో ఉంటున్నాయి. తన్నినా మీకు తెలియదు. అంతకంటే ముఖ్యం, తన్నకపోయినా తెలియదు. కదలికలు తగ్గడం అన్నది లోపల బిడ్డకు ఇబ్బందిగా ఉందని మనకు అందే మొదటి కబురు. చాలాసార్లు అదొక్కటే కబురు. స్కానింగ్ ఎప్పుడో ఒకసారి తీస్తాం. రోజూ బిడ్డను గమనించగలిగేది మీరే.

అందుకని ఇవాళ్టి నుంచి ఒక పద్ధతి పెట్టుకోండి. రాత్రి భోజనం కాగానే ఎడమవైపుకు తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టి కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో 10 కదలికలు రావాలి. చాలామందికి అరగంటలోపే వచ్చేస్తాయి. బిడ్డ ఒక్కోసారి 20 నుంచి 40 నిమిషాలు నిద్రలో ఉంటుంది కాబట్టి కాసేపు కదలకపోతే కంగారు వద్దు. రెండు గంటలైనా పది రాకపోతే, లేదా రోజూ ఉండేదానికంటే బాగా తగ్గిందని మీకు అనిపిస్తే, ఆ రాత్రే ఆస్పత్రికి రండి. అర్ధరాత్రి వచ్చినందుకు ఏ డాక్టరూ మిమ్మల్ని తిట్టకూడదు. తిట్టినా సరే, రండి. లెక్క పూర్తయ్యాకే గేమ్ మొదలుపెట్టండి, పదిన్నరకల్లా ఆపేయండి. ఆ లెక్కన ఆటను ఎనిమిదిన్నరకో తొమ్మిదికో జరపాలి. మీ ఆయన, ఆ స్నేహితులు మీ కోసం ఈ మూడు నెలలు ఆ మార్పు చేసుకోవాలి. ఒంటిగంటకు పడుకుని, అత్తమ్మ వాకిలి ఊడ్చే చప్పుడుకు ఆరింటికి లేస్తే మీకు దొరికేది ఐదు గంటల నిద్ర. నిద్ర తక్కువైన గర్భిణుల్లో షుగర్, బీపీ ఎక్కువగా కనిపిస్తున్నాయి. మీకు ఇప్పటికే తలనొప్పి ఉంది.

ఆడేటప్పుడు వెల్లకిలా పడుకుని ఫోన్ ముఖం పైన పట్టుకోకండి. ఈ నెలల్లో గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకు తిరిగి వెళ్లే రక్తం తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. నడుముకు దిండు పెట్టుకుని కూర్చోండి, లేదా పక్కకు తిరిగి పడుకోండి. ఒక మ్యాచ్ అరగంట పడుతుందంటారు కదా, మ్యాచ్ అవ్వగానే లేవండి. మూత్రానికి వెళ్లండి, ఒక గ్లాసు నీళ్లు తాగండి, వరండాలో నాలుగు అడుగులు వేయండి. ఆట మధ్యలో లేవలేక మూత్రం ఆపుకోవడం గర్భిణికి మంచిది కాదు. ఇన్ఫెక్షన్ వచ్చి నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. మన జిల్లా ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే అది ఇంకా తొందరగా వస్తుంది. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశమూ గర్భంలో మామూలుకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఒక కాలు పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వెంటనే చూపించుకోవాలి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే అది మణికట్టులో నీరు చేరి నరం నొక్కుకుపోవడం. గర్భంలో ఇది మామూలే. మణికట్టు వంగకుండా రాత్రి పట్టీ వేసుకుంటే, ఆట తగ్గిస్తే చాలామందికి కాన్పయ్యాక పోతుంది.

ఒక మాట నేనే అడుగుతాను. మీ నలుగురితో కాకుండా తెలియనివాళ్లతో కూడా ఆడుతున్నారా? ఆడగొంతు వినపడగానే బూతులు మాట్లాడేవాళ్లు ఉంటారని నా పేషెంట్లే చెప్పారు. ఆ మాటలు మనసులో పెట్టుకుని నిద్ర పట్టక బాధపడే అవసరం మీకు లేదు. మీవాళ్ల గొంతులు తప్ప మిగతావన్నీ మ్యూట్‌లో పెట్టేయండి.

నొప్పుల సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు. మనసు వేరే దాని మీద ఉంటే నొప్పి కాస్త తక్కువ అనిపిస్తుంది. కొన్ని దేశాల్లో కాన్పు గదిలో, వేరే చోట ఉన్నట్టు బొమ్మలు చూపించే వీఆర్ కళ్లద్దాలు పెట్టి కూడా చూశారు, నొప్పి కొంత తగ్గినట్టు తల్లులు చెప్పారు. మొదటి కాన్పులో తొలి దశ పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పుడు మధ్యమధ్యలో ఏదైనా చిన్న పజిల్ గేమ్ ఆడుకోండి. ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేది అయి ఉండాలి. నొప్పి వచ్చినప్పుడు టీమ్‌ను వదిలేయలేక పళ్లు బిగబట్టుకునే ఆట వద్దు. నొప్పి మొదలైన టైమ్, ఎంతసేపు ఉందో అదే ఫోన్‌లో రాసుకోండి. దేవరకొండ నుంచి నల్లగొండకు గంట పైనే ప్రయాణం. కాబట్టి ఐదు నిమిషాలకొకటి వచ్చేదాకా ఆగకుండా, పది నిమిషాలకొకటి వరుసగా వస్తున్నప్పుడే బయల్దేరండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, కదలికలు తగ్గినా, నొప్పుల కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి. తొమ్మిదో నెల పడ్డాక గేమ్‌తో బ్యాటరీ ఖాళీ చేసి పడుకోకండి.

కాన్పయ్యాక ఆడటానికి ‘ఇన్ని రోజుల తర్వాత’ అనే లెక్క ఏమీ లేదు. బాలింత చదివితే, ఫోన్ చూస్తే కళ్లు పోతాయని మీ అమ్మగారు అనవచ్చు. కళ్లు పోవు. గర్భంలో, బాలింతగా ఉన్నప్పుడు కళ్లు పొడిబారడం, చూపు కాస్త మారడం నిజమే, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అందుకే ఆ టైమ్‌లో కొత్త కళ్లద్దాలు రాయించుకోవద్దంటాం. బీపీ తలనొప్పి మాత్రం కాన్పయ్యాక ఆరు వారాల దాకా రావచ్చు, అది మర్చిపోకండి.

పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ప్రతిసారీ కళ్లలోకి చూస్తూ కూర్చోమని నేను అనను. రాత్రి రెండింటికి కునుకు ఆపుకోవడానికి ఫోన్ తీసే తల్లి కష్టం నాకు తెలుసు. కానీ ఒక విషయం తెలిస్తే మీరే ఫోన్ పక్కన పెడతారేమో. పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే. రొమ్ము దగ్గరున్న బిడ్డకు తల్లి ముఖం ఉండే దూరం అదే. దానికి ఈ లోకంలో కనిపించే మొదటి బొమ్మ మీ ముఖం. పగటిపూట కొన్నిసార్లైనా ఆ ముఖానికీ బిడ్డకూ మధ్య ఫోన్ అడ్డం రానివ్వకండి. పడుకుని పాలిస్తూ బిడ్డ తల పైన ఫోన్ పట్టుకోవడం అసలు వద్దు, చేయి జారితే మెత్తటి మాడు మీద పడుతుంది. బిడ్డ ఏడవకముందే ఆకలిని చెబుతుంది. పెదాలు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంది. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్స్ ఉంటే, కళ్లు గేమ్ మీద ఉంటే అవి తెలియవు. ఒక చెవి ఖాళీగా ఉంచండి.

మీ ఆయనకు కూడా ఇది చదివి వినిపించండి. ఆడపిల్ల గర్భంతో ఫోన్ పట్టుకుంటే ఊరంతా మాట్లాడుతుంది, తండ్రి పట్టుకుంటే ఎవరూ మాట్లాడరు. ఆయన వచ్చిన శని, ఆదివారాల రాత్రి బిడ్డ ఏడిస్తే ముందు ఫోన్ పక్కన పెట్టాల్సింది ఆయన. బట్ట మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తీయడం, జోకొట్టడం ఆయన చేయగలరు. మిగతా ఐదు రోజులు వీడియో కాల్ చేయమనండి. రెండేళ్ల లోపు పిల్లలకు ఏ స్క్రీనూ వద్దని 2021లో మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెప్పింది. అయినవాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. తండ్రి ముఖం బిడ్డకు చూపించవచ్చు, గేమ్ చూపించకూడదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో బాలింతల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మీకు ఈ గేమ్ అంత ఇష్టం కదా. కాన్పయిన రెండు వారాల తర్వాత కూడా ఏడుపు ఆగకపోతే, ఆయన పిలిచినా గేమ్ మీద కూడా మనసు పోకపోతే, లేదా ఉల్టాగా బిడ్డను ముట్టుకోవాలనిపించక ఫోన్‌లోనే దాక్కోవాలనిపిస్తే, అది మీ తప్పు కాదు, సోమరితనం కాదు. మందులు, మాటలతో తగ్గే జబ్బు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ లైన్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అత్తమ్మను గేమ్ విషయంలో వాదించి గెలవాలని చూడకండి. ఆమె భయం మీ బిడ్డ కోసమే. ఈ రాత్రి భోజనం అయ్యాక కదలికలు లెక్కపెట్టేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పొట్ట మీద పెట్టించండి. లెక్క ఆమెనే చెప్పమనండి. పొద్దున బీపీ చూపించుకోవడానికి కూడా ఆమెనే తోడు తీసుకెళ్లి, వచ్చిన అంకె నాకు రాయండి.