చూడకుండా ట్రాక్టర్ కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్న సాగర్ ఎడమ కాలువ కింద ఆరెకరాల్లో వరి వేస్తారు. నాట్లకు ముందు బురదలో దమ్ము చేయించాల్సి వచ్చిన ప్రతిసారీ కిరాయి ట్రాక్టర్ కోసం ఎదురుచూడటమే. నేను మియాపూర్‌లో ఉంటాను. ఆన్‌లైన్‌లో షోలాపూర్ వాళ్లది 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి చూశాను. 2014 మోడల్. ట్రాలీతో కలిపి 3 లక్షల 60 వేలు చెబుతున్నారు. ఫొటోల్లో కొత్తదానిలా మెరుస్తోంది. 20 వేలు టోకెన్ పంపితే వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపుతామంటున్నారు. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది, నాకు రెండు నెలల పాప. వెళ్లి చూసొచ్చే మనిషి లేడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీరు స్వయంగా చూడకపోయినా ఫర్వాలేదమ్మా. కానీ మీ తరఫున ట్రాక్టర్ తెలిసిన మనిషి ఒకరు దాని పక్కన నిలబడి, స్టార్ట్ చేసి, నడిపి చూడాలి. అప్పటిదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి. హయత్‌నగర్‌లోని మా ట్రాక్టర్ రిపేరు షెడ్డుకు ఇలా ఆన్‌లైన్‌లో కొన్న బళ్లు వస్తూనే ఉంటాయి. ఇంజన్ విప్పి లోపలి సంగతి చెబుతుంటే ఆ రైతుల మొహాలు చూడలేం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు కాగితాలు. ఇవి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. అమ్మేవాళ్లను ఆర్‌సీ ఫొటో అడగండి. ఆ నంబరును కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఎప్పుడు రిజిస్టరైంది, ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ ఏమైనా ఉందా అన్నవి తెలుస్తాయి. ఫైనాన్స్ ఉన్నట్టు చూపిస్తే, అప్పు తీరిందని ఎంత చెప్పినా ఫైనాన్స్ కంపెనీ సంతకం చేసిన ఫారం 35, బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటరు చేతికి వచ్చేదాకా అప్పు ఉన్నట్టే లెక్క. మీతో మాట్లాడుతున్న మనిషి, ఆర్‌సీలో పేరున్న మనిషి ఒకరేనా అన్నది కూడా అడగండి. ట్రాక్టర్ కొని తన పేరు మీదకు మార్చుకోకుండానే మళ్లీ అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు. పాత ఓనరు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చూపించి ‘ఏం కాదు’ అంటారు. ఆ ఓనరు రేపు అడ్డం తిరిగినా, చనిపోయినా మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అలాంటి బండి వదిలేయండి.

వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి రవాణా అధికారి (ఆర్‌టీఓ) ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తప్పనిసరి. అది ఫారం 28. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు కావాలి. ఇక్కడికి వచ్చాక కొత్త నంబరు కోసం ఫారం 27తో నల్గొండ జిల్లా రవాణా శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ తిప్పకూడదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. అంటే మీరు చూసిన బండి గడువు 2029లో ముగుస్తుంది, ఆ తర్వాత రెన్యువల్ చేయించాలి. ఇంకొక విషయం చాలామంది పట్టించుకోరు. ట్రాలీకి వేరే ఆర్‌సీ, వేరే నంబరు ఉండాలి. ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో చేయించిన ట్రాలీలు ఎన్నో కాగితాలు లేకుండానే తిరుగుతున్నాయి. ‘ట్రాలీ కూడా ఇస్తున్నాం’ అంటే దాని ఆర్‌సీ కూడా చూపించమనండి. లేదంటే ట్రాలీ ధర తీసేసి మాట్లాడండి.

కాగితాలు సరిగా ఉంటేనే వీడియో అడగండి. వాళ్లు తీసి పంపేది వద్దు, వీడియో కాల్ చేయండి. అదీ పొద్దున్నే, ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయకముందు. ముందు నంబరు ప్లేటు, తర్వాత చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు దగ్గరగా చూపించమని ఆర్‌సీతో పోల్చుకోండి. ఆ తర్వాత రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. వేడిగా ఉంటే చెయ్యి వెనక్కి తీసుకుంటారు, మీకు అర్థమైపోతుంది. ఎందుకంటే లోపల అరిగి కంప్రెషన్ తగ్గిపోయిన ఇంజన్ కూడా వేడి మీద ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. రాత్రంతా చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. స్టార్ట్ కాగానే కొద్దిగా తెల్లపొగ వచ్చి ఆగిపోతే మామూలే. వేడెక్కాక కూడా నీలంపొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయించండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ కొడితే ఇంజన్ లోపలి రింగులు, లైనర్లు అరిగినట్టే.

కొత్తదానిలా మెరుస్తోందన్నారు. పదేళ్లు దాటిన ట్రాక్టర్ మెరుస్తోందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. కొత్త పెయింటు కింద ఆయిల్ లీకులు, వెల్డింగ్ అతుకులు దాగుతాయి. బోల్టుల తలల మీద, రబ్బరు పైపుల మీద కూడా రంగు పడి ఉంటే అమ్మకం కోసం కొట్టించిన రంగే. గంటల మీటరును కూడా గుడ్డిగా నమ్మకండి. పాత మోడళ్లలో కేబుల్ ఊడదీస్తే మీటరు ఆగిపోతుంది. తక్కువ గంటలు చూపిస్తున్నా క్లచ్ పెడల్, బ్రేకు పెడళ్లు నున్నగా అరిగిపోయి ఉంటే పెడళ్లనే నమ్మండి. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ‘కొత్త టైర్లు’ అన్న మాటను దీంతో సరిచూడొచ్చు.

ఇక షోలాపూర్ సంగతి. అది చెరకు ప్రాంతం. అక్కడి ట్రాక్టర్లు చాలావరకు సీజనంతా చెరకు ట్రాలీలు లాగుతూ ఫ్యాక్టరీల దారిలో తిరుగుతాయి. మన దగ్గర దమ్ములో తిరిగిన ట్రాక్టర్‌కు వచ్చే జబ్బు వేరు. దమ్ము చక్రాలతో బురదలో మునిగి తేలిన బండికి యాక్సిల్ సీళ్లు పోయి, గేర్ బాక్సులోకి నీళ్లు వెళ్లి, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. లోడు లాగిన బండికి ఆ బాధ తక్కువ. కానీ క్లచ్, బ్రేకులు, క్రౌన్ పినియన్ (వెనక చక్రాలకు ఇంజన్ బలం అందించే గేర్లు) అరుగుతాయి. వెనక ట్రాలీ తగిలించే హుక్కు, దాని రంధ్రం చూపించమనండి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే అది ఎంత లోడు లాగిందో అదే చెబుతుంది. టైరు గుబ్బలు నున్నగా అరిగి ఉంటే రోడ్డు మీదే ఎక్కువ నడిచిందని. మీ నాన్నగారికి కావాల్సింది దమ్ముకు కాబట్టి లోడు బండి పూర్తిగా పనికిరాదని నేను అనను. క్లచ్ ప్లేట్లు మార్చుకోవచ్చు. క్రౌన్ పినియన్ పోయిందంటే మాత్రం ఖర్చు పెద్దది, బేరం ఎంత తగ్గినా లాభం లేదు.

వీడియోలో తేలనివి కొన్ని ఉన్నాయి. లోడు మీద వెనక నుంచి వచ్చే ఊళ శబ్దం ఫోన్లో వినబడదు. స్టీరింగ్ ఎంత వదులైందో చేతికే తెలుస్తుంది. కాబట్టి షోలాపూర్‌లో ఒక మెకానిక్‌ను పెట్టుకోండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. ఆ కంపెనీ డీలరు వర్క్‌షాపుకో, స్పేర్ పార్టుల షాపుకో ఫోన్ చేసి, ఫీజు ఇస్తాం, ఒకసారి చూసి చెప్పే మనిషి కావాలని అడగండి. భాష గురించి టెన్షన్ పడకండి. చేనేత, మిల్లుల పనికి తరాల కిందట వెళ్లి స్థిరపడిన మనవాళ్లు షోలాపూర్‌లో బాగా ఉన్నారు. తెలుగు మాట్లాడే మెకానిక్ దొరకడం కష్టం కాదు.

అతనికి ఈ పనులు అప్పజెప్పండి. పెద్ద గేరులో వేసి, బ్రేకు తొక్కిపట్టి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, నడుస్తూనే ఉంటే జారుతున్నట్టు. నాగలో రోటవేటరో తగిలించి పైకి లేపి ఇంజన్ ఆపేయాలి. కాసేపటికే జారి కిందకు వచ్చేస్తే హైడ్రాలిక్స్‌లో లోపం ఉంది. పీటీఓ (రోటవేటర్ లాంటివాటిని తిప్పే వెనక షాఫ్టు) వేసి తిప్పి చూడాలి. గేర్ ఆయిల్ తీసి రంగు చూడాలి. ట్రాలీకి లోడు వేసి రోడ్డు మీద కాస్త దూరం లాగాలి. అన్నీ అయ్యాక టైర్ల నంబర్లు, బ్యాటరీ నంబరు, మీటరు రీడింగు ఫొటోలు తీసి మీకు పంపాలి. బేరం కుదిరాక మంచి టైర్లు, బ్యాటరీ తీసేసి పాతవి బిగించి పంపడం ఈ వ్యాపారంలో ఉన్నదే. లారీ ఎక్కించేటప్పుడు మళ్లీ అవే నంబర్లు సరిచూడాలి. మెకానిక్ ఫీజు మీకు ఖర్చులా కనిపించవచ్చు, కానీ మొత్తం బేరంలో అంతకంటే విలువైన ఖర్చు ఇంకోటి లేదు.

అతను సరేనన్నాకే టోకెన్. అదీ ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే, ‘ఫలానా నంబరు ట్రాక్టరుకు అడ్వాన్సు’ అని రాయించుకుని. మిగతా డబ్బు ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారాలు చేతికి వచ్చాక. ‘ఇంకో పార్టీ వస్తున్నాడు, ఈరోజే తేల్చండి’ అంటే పోనివ్వండి. పాత ట్రాక్టర్లకు కరువు లేదు.

షోలాపూర్ నుంచి నడిపించుకు రావద్దు, లారీ మీద తెప్పించండి. ఆ దారి ఎలాగూ 65వ నంబరు జాతీయ రహదారే, మీ మియాపూర్ మీదుగానే పోతుంది. తిరుగు లోడు కోసం చూసే లారీ దొరికితే కిరాయి కలిసొస్తుంది. బండి మీ పేరు మీదకు వచ్చేలోపు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో చూసుకోండి. ఆ మోడల్ స్పేర్లు మిర్యాలగూడలో దొరుకుతాయా, లేక ప్రతిదానికీ సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ పరుగెత్తాలా అన్నది కొనకముందే కనుక్కోండి. దమ్ముల రోజుల్లో ఒక సీలు కోసం రెండు రోజులు బండి ఆగితే మళ్లీ కిరాయి ట్రాక్టరే దిక్కవుతుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. నాన్నగారికి ఆపరేషన్ అయింది ఏ మోకాలికి? ఎడమదైతే క్లచ్ తొక్కడం ఆయనకు చాలా కష్టం. డ్రైవర్‌ను పెట్టుకుంటే ఆ జీతానికి ఆరెకరాల పని సరిపోదు, చుట్టుపక్కల పొలాలకు కూడా కిరాయికి తిప్పాలి. ఊళ్లో అలాంటి పని దొరుకుతుందా, డబ్బు వసూలు చేసుకునే ఓపిక ఆయనకు ఉందా? ఆయన్నే అడగండి. డాక్టర్‌ను కూడా అడగండి.

ప్రశ్న: ఒక ఫైనాన్స్ కంపెనీ కిస్తీలు కట్టనివాళ్ల దగ్గర లాక్కున్న ట్రాక్టర్లను ఆన్‌లైన్ వేలంలో అమ్ముతోంది. బయటి ధర కంటే బాగా తక్కువ. డిపాజిట్ కట్టి పాడొచ్చా?
– ఒక రైతు, చేవెళ్ల

జవాబు: పాడొచ్చు, కానీ వేలం షరతుల్లో ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు’ అని ఉంటుంది. అంటే మీరు తీసుకున్నాక ఏ లోపం బయటపడ్డా వాళ్లకు సంబంధం లేదు. ఈ బళ్లు యార్డుల్లో ఎండకు, వానకు నెలల తరబడి నిలబడి ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, డీజిల్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, వైర్లు ఎలుకలు కొరికేస్తాయి. చిన్న చిన్న సామాన్లు మాయమైపోతాయి. చూసుకోవడానికి రోజులు ఇస్తారు కాబట్టి, యార్డు మన హైదరాబాద్ చుట్టుపక్కలే అయితే మెకానిక్‌ను వెంటబెట్టుకుని తప్పకుండా వెళ్లండి. స్టార్ట్ చేయనివ్వకపోతే ఇంజన్ పని మొత్తం మీదేనని లెక్కవేసుకుని, అంతవరకే పాడండి.

కాగితాల గురించి ఒక్క ప్రశ్న తప్పక అడగాలి. పాత ఓనరు సంతకం లేకుండా బండి మీ పేరు మీదకు ఎలా వస్తుంది? ఫైనాన్స్ వాళ్లు ఫారం 36తో ముందు తమ పేరు మీద ఆర్‌సీ తీసుకుని, తర్వాత మీకు మార్చే పద్ధతి ఉంది. అలా చేస్తామని రాసిస్తారో లేదో తెలుసుకోండి. ‘ఓనరుతో మీరే మాట్లాడుకోండి’ అంటే వద్దు. బండి పోగొట్టుకున్న మనిషి బాధలో ఉంటాడు, మీకు వచ్చి సంతకం ఎందుకు పెడతాడు? పాత చలాన్లు, పన్ను బకాయిలు ఎవరు కట్టాలో కూడా షరతుల్లోనే చూడండి. పాట గెలిచాక మనసు మార్చుకుంటే డిపాజిట్ తిరిగి రాదు.

ప్రశ్న: మా 42 బ్లేడ్ల రోటవేటర్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. మిలటరీలో పనిచేస్తున్నానని ఒకాయన ఫోన్ చేసి, బేరమాడకుండా ఒప్పుకున్నాడు. డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపాడు, స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నాడు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: కొట్టకండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మీ ఖాతాలోంచే పోతుంది. ఆరడుగుల రోటవేటర్‌ను చూడకుండా, గేర్ బాక్సు గురించి ఒక్క మాట అడగకుండా, చెప్పిన ధరకే కొంటానన్నాడంటే అతనికి రోటవేటర్ అక్కర్లేదు. మిలటరీ యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు పంపినా నమ్మొద్దు, వాటిని ఎవరైనా తయారు చేస్తారు. ఇప్పటికే పిన్ కొట్టి డబ్బు పోయి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా చెప్పి, మెసేజ్‌లు, ఆ ఫోన్ నంబరు, లావాదేవీ నంబరు చెరిపేయకుండా ఉంచండి.