ఐటీఐ చేసిన అమ్మాయిని ప్యాకింగ్‌కే ఎందుకు పంపుతారు?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల మెషిన్ షాపుల్లో అమ్మాయిలకు మంచి జీతం ఉన్న పని ఎందుకు దొరకదని అడిగారు. పెద్ద కారణం నైట్ షిఫ్ట్. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ల పనిని ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే పరిమితం చేసింది, దాంతో మూడు షిఫ్టులు నడిపే ఓనర్లు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) మీద మగవాళ్లనే పెట్టుకోవడానికి అలవాటుపడ్డారు. 2020 లేబర్ కోడ్‌లో మహిళ ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లతో, రాత్రి పనికి వీలుంది. అలవాటు మాత్రం పోలేదు. మా చెల్లి ఇంటర్వ్యూలో వెర్నియర్ (చిన్న కొలతలు తీసే పరికరం) పట్టుకుని కొలత సరిగ్గా చెప్పింది, అయినా ప్యాకింగ్‌లో చేరమన్నారు, నాకు చాలా బాధేసింది. మీరు ఒప్పుకోకండి. అప్రెంటిస్‌గానైనా సరే మెషిన్ మీదే అడగండి, టూల్ ఆఫ్‌సెట్లు (ఒక్కో టూల్ సైజు మెషిన్‌కి తెలిపే కొలతలు) పెట్టడం నేర్చుకోండి, మెషిన్ నడిపే ఆపరేటర్ కంటే దాన్ని పనికి సిద్ధం చేసే సెట్టర్‌కి జీతం ఎక్కువ.