చలికాలంలో బయటి గోడ ఇన్సులేషన్: ఎంతవరకు చేయవచ్చు, ఎక్కడ ఆపాలి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గోడలకు బయటి వైపు ఇన్సులేషన్ పలకలు అతికించి, వాటిపై ప్లాస్టరింగ్ చేసే పని చలికాలంలోకి జారిపోయిందని, ఇంటివారు తొందరపెడుతున్నారని రాశావు. పగటిపూట ఎండ బాగానే కాస్తోంది కనుక పని మొత్తం ఇప్పుడే పూర్తి చేయవచ్చా అని అడిగావు. కొంత చేయవచ్చు, కొంత చేయకూడదు. ఆ రెండింటి మధ్య హద్దు ఎక్కడుందో నీకు స్పష్టంగా తెలియాలని ఈ ఉత్తరం కొంచెం పొడవుగానే రాస్తున్నాను.

ఇటుక గోడ మీద వేసిన మాలుకు, ఇన్సులేషన్ పలక మీద వేసిన మాలుకు చలి ఒకే విధంగా తగలదు. ఇటుక గోడ పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా కొద్దికొద్దిగా విడిచిపెడుతుంది. ఇంటి లోపలి వెచ్చదనం కూడా గోడ గుండా బయటికి వచ్చి పైపూతను కాచుకుంటుంది. ఆ వేడి బయటికి పోకూడదనే కదా మనం పలకలు అతికిస్తున్నాము! కాబట్టి పలకల మీద వేసే నాలుగైదు మిల్లీమీటర్ల పూతకు వెనుక నుంచి అందే వేడి దాదాపు లేనట్టే. మబ్బు లేని రాత్రి ఆ పలుచని పూత తనలో ఉన్న కాస్త వేడిని ఆకాశంలోకి విడిచిపెట్టి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. గాలి ఇంకా రెండు డిగ్రీల దగ్గర ఉండగానే పూత మీద మంచు గడ్డకట్టడం నేను కళ్లారా చూశాను. అందుచేత పగటి ఎండను చూసి నిర్ణయం తీసుకోవద్దు. రాబోయే రాత్రుల చలిని చూసి తీసుకో.

ఈ మాట నాకు నష్టపోయాకే తెలిసింది. ఒకసారి ఎండ తగలని వైపు గోడకు మధ్యాహ్నం లోపల బేస్ కోట్, అంటే పలకల మీద వల పొదిగి వేసే మొదటి పూత, పూర్తి చేశాము. గాలి ఉష్ణోగ్రత 9 డిగ్రీలు ఉంది కదా అని ధైర్యంగా పరంజా దిగాను. ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది. తెల్లవారి ఎక్కి చూస్తే, తడి పూత మీద పక్షి ఈకల వంటి సన్నని గీతలు, ఒకదాని నుంచి ఒకటి చీలుతూ గోడంతా పరుచుకుని ఉన్నాయి. పొద్దెక్కేసరికి ఆ తెలుపు మాయమైంది, పూత గట్టిగానే తోచింది, ఆరిన తరువాత పైకి కనిపించే ఆఖరి పూత, ఫినిష్ కోట్, కూడా వేశాము. చలి తగ్గి ఎండలు మొదలయ్యేసరికి అరచేయంత పెచ్చులు ఊడిరావడం మొదలైంది. ఊడిన చోట గోరుతో గీస్తే మాలు పిండిలా రాలి, లోపల పొదిగిన వల, అదే మెష్, దారాలు బయటపడ్డాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇంకా బిగుసుకోని సిమెంటు రేణువుల మధ్య అలా పెరిగిన మంచు వాటిని విడదీసేస్తే, ఆ తరువాత ఎంత ఎండ కాసినా అవి మళ్లీ కలవవు. ఈకల గీతలు కనిపించిన ఉదయమే ఆ పూతను గీకివేసి ఉంటే ఒక రోజు పని పోయేది. చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు గోడ మొత్తం పోయింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఇక లెక్కల విషయం. గాలి, గోడ, కలిపిన మాలు, ఈ మూడింటి ఉష్ణోగ్రతా 5 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదన్నది ఈ పనిలో సాధారణ నియమం. పని చేసే గంటల్లోనే కాదు, పూత ఆరేవరకు రాత్రింబవళ్లు అది నిలవాలి. సిలికేట్ రకం ఫినిష్‌లకు సాధారణంగా 8 డిగ్రీలు కావాలి. చలికాలానికని ప్రత్యేకంగా తయారుచేసిన మాళ్లు అంతకంటే తక్కువ చలిలోనూ పనిచేస్తాయి, కానీ వాటిని బస్తా మీద రాసిన హద్దుల్లోనే వాడాలి. జిగురు ఒకరిది, బేస్ కోట్ ఇంకొకరిది, ఫినిష్ మరొకరిది కలిపి వాడకూడదు.

పరంజా మీద నీడ వైపున, రాత్రి కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి కట్టించు. గోడకు ఆనించి కొలిచే థర్మామీటరు ఒకటి నీ జేబులో ఉండాలి. గాలిలో తేమను కూడా కొలవాలి, ఎందుకంటే గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత కంటే గోడ కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉంటేనే దాని మీద కంటికి కనపడని చెమ్మ చేరదు. ఉదాహరణకు గాలి 8 డిగ్రీలు, తేమ 90 శాతం ఉన్నప్పుడు ఆ ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే గోడ తొమ్మిదిన్నర డిగ్రీలు ఉండాలి. గాలే 8 డిగ్రీలు ఉన్నప్పుడు, రాత్రంతా చల్లబడిన గోడకు అంత వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? అటువంటి రోజున సామాను సర్దుకుని దిగిపోవడమే సరైన పని.

పలకలు అతికించే దశ మిగిలినవాటి కంటే కాస్త సులువు, ఎందుకంటే జిగురు పలక వెనుక ఉంటుంది కనుక పలకే దానికి దుప్పటి అవుతుంది. అయినా గోడ మీద గానీ, గోడ రంధ్రాల్లో గానీ మంచు ఉండగా జిగురు పెట్టకూడదు. పలక అంచుల చుట్టూ గట్టులాగా, మధ్యలో ముద్దలుగా జిగురు పెట్టినప్పుడు, నొక్కిన తరువాత పలకలో కనీసం 40 శాతం గోడకు అంటుకోవాలి. నమ్మకం కుదరకపోతే ఒక పలకను వెంటనే ఊడదీసి చూడు, వెనుక ఎంత అంటిందో కనబడుతుంది. పలకలను గోడకు బిగించే యాంకర్లు కొట్టడానికి తొందరపడవద్దు. బస్తా మీద రాసే గడువు సాధారణంగా 20 డిగ్రీల లెక్కకు రాసినది. 5, 6 డిగ్రీల చలిలో దానికి రెండు మూడు రెట్లు పట్టవచ్చు. జిగురు బిగియక ముందే డ్రిల్లు పెడితే పలక అదిరి, పట్టు వదిలేస్తుంది. పలకల మధ్య సందులను మాలుతో ఎన్నడూ నింపవద్దు. అదే పలక ముక్కలతోనో, ఫోమ్‌తోనో నింపాలి.

బూడిద రంగు థర్మోకోల్ పలకలు వాడుతున్నానన్నావు. చలికాలపు సూర్యుడు కిందుగా ఉండి గోడకు సూటిగా తగులుతాడు. ఆ రంగు పలక ముఖం ఎండలో వేడెక్కి, వెనుక భాగం చల్లగా ఉండిపోతే పలక వంగి, పచ్చి జిగురు నుంచి అంచులు లేచిపోతాయి. కనుక ఎండ వైపు పరంజాకు వలగుడ్డ కట్టకుండా ఒక్క పలక కూడా పెట్టవద్దు. చలి గురించి భయపడేవారు కూడా ఈ ఎండ సంగతి మరచిపోతారు.

ఇంటి లోపల నేల గచ్చు, లోపలి ప్లాస్టరింగ్ వంటి తడి పనులు ముగిశాయో లేదో ఉత్తరంలో రాయలేదు. అవి ముగిసి, ఆరిన తరువాతే బయటి పని పెట్టుకోవాలి. లేకపోతే ఆ తేమంతా గోడ గుండా బయటి వైపుకు నడిచి, చల్లని పూత వెనుక నిలుస్తుంది.

బేస్ కోట్‌లో మెష్ ఎలా పెట్టాలో నీకు చెప్పనక్కరలేదు: జోడింపు 10 సెంటీమీటర్లు, కిటికీ మూలల్లో అదనపు ముక్క ఏటవాలుగా, మెష్ పూతలో పై వైపుకు. ఆరడం గురించి మాత్రం చెప్పాలి. 20 డిగ్రీల వెచ్చదనంలో మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున 5 మిల్లీమీటర్ల పూతకు ఐదు రోజులు చాలు. ఈ చలిలో అదే పూతకు రెండు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. రోజులు లెక్కపెట్టి ఊరుకోకుండా గోడను చూడు: రంగు అంతటా ఒకే తీరుగా పాలిపోవాలి, ఎక్కడా ముదురు మచ్చ మిగలకూడదు. సిమెంటు అనగానే నీళ్లు పట్టాలనే అలవాటు చేతికి ఉంటుంది. ఈ చలిలో ఈ పలుచని పూతకు చుక్క నీరు కూడా చల్లవద్దు.

మాలు త్వరగా బిగియాలని ఉప్పు గానీ, గడ్డకట్టకుండా చేసే ద్రావకాలు గానీ కలపనివ్వవద్దు. అవి గోడ మీద తెల్లటి పూతగా తేలి, లోహపు అంచులను తుప్పు పట్టిస్తాయి. బస్తాలను ముందురోజు నుంచే వెచ్చని గదిలో ఉంచి, గోరువెచ్చని నీటితో, 30 డిగ్రీలు మించకుండా, కలుపుకుంటే చాలు. ఫినిష్ బకెట్లు ఒక్క రాత్రి గడ్డకట్టినా ఇక పనికిరావు. కరిగిన తరువాత చూడటానికి బాగున్నా వాటిని వాడవద్దు.

పరంజా చుట్టూ టార్పాలిన్ కట్టి, లోపల హీటరు పెడతానని రాశావు. ఆలోచన మంచిదే, కానీ గ్యాస్ హీటరు వద్దు. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. పూతను ఆరబెట్టబోయి దానికే ఆవిరి పట్టినట్టవుతుంది. పైగా మూసిన గుడారంలో పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియనివ్వకుండా మనిషి ప్రాణం తీస్తుంది. కరెంటు హీటరు గానీ, పొగ గొట్టం బయటికి ఉండి వేడిగాలి మాత్రమే లోపలికి పంపే యంత్రం గానీ పెట్టు. టార్పాలిన్ గోడకు ఆనకూడదు, పై అంచు మూసి ఉండాలి, తేమ పోవడానికి రోజుకు రెండుసార్లు తెరవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కూలీలతో పాటు హీటరు కూడా సాయంత్రం ఇంటికి పోకూడదు. రాత్రి ఆపేసే హీటరు పెట్టీ ప్రయోజనం లేదు.

ఫినిష్ కోట్ విషయంలో నా మాట విను. జిగురు ద్రావణంతో చేసిన ఫినిష్‌లు సిమెంటులా బిగియవు. నీరు ఆవిరైపోయాక అందులోని సన్నని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారాలి. చలిలో అవి అతుక్కోవు, మొదటి వానకే కారిపోతాయి. సిమెంటు, సున్నం కలిసిన రంగు ఫినిష్ అయితే, నిదానంగా ఆరేకొద్దీ సున్నం పైకి తేలి తెల్లటి మచ్చలు కడుతుంది. కాబట్టి గుడారం, రాత్రి హీటరు నిలబెట్టలేకపోతే బేస్ కోట్ దగ్గర ఆపు. ఆరిన బేస్ కోట్ చలికాలం గడపగలదని తయారీదారు రాసి ఇచ్చాడో లేదో చూసుకుని, గోడ పై అంచులు, కిటికీ అడుగు పట్టీలు వాన దిగకుండా కప్పి వదిలెయ్యి. చలి తగ్గాక గోడను కడిగి, తట్టి చూసి, ప్రైమర్ వేసి, ఒక్క విడతలో మూల నుంచి మూల దాకా ఫినిష్ లాగితే రంగు కూడా అతుకులు లేకుండా వస్తుంది. ఇంటివారికి నీ కొలతల పుస్తకం చూపించి ఈ సంగతి చెప్పు; రాత్రి కనిష్ఠం, గోడ ఉష్ణోగ్రత, తేమ రోజూ రాసి ఉంటే వారు కూడా కాదనరు.

ఈ వారం పని మొదలుపెట్టకముందు, ఎండ తగలని గోడ మీద నాలుగైదు చోట్ల చిన్న పలక ముక్కలు అతికించు. జిగురు బిగిశాక ఒక్కొక్కటి చేత్తో గట్టిగా లాగి చూడు. పలకే చిరిగితే గోడ సిద్ధంగా ఉన్నట్టు. జిగురుతో సహా ఊడివస్తే సిద్ధంగా లేనట్టు. ఎక్కడెక్కడ ఎలా తెగిందో ఫొటోలు తీసి పంపు. అవి చూశాకే పలకల సంగతి రాస్తాను.

ఇట్లు,
నీ మామయ్య